రెండు పట్టాలు



ఈ రోజు పట్టా అందుకుంటున్న పిల్లలూ, మన చల్లపల్లి నుంచి సైకిలు మీద వెళ్లి రాగల దూరంలో ఘంటసాల ఉంది. అక్కడ బౌద్ధ స్తూపం కట్టినవాళ్లు ఆశ తగ్గితే దుఃఖం తగ్గుతుందని నమ్మారు. ఇంకోచోట మొవ్వ. ఆ ఊరి క్షేత్రయ్య పదాల్లో నాయిక ఆశ తగ్గించుకోదు. మువ్వగోపాలుడి కోసం వేగిపోతుంది, ఆ వేగిపోవడంలోనే ఆమె సుఖం. నాలుగు పొలంగట్లు దాటేసరికి సుఖానికి అర్థం తిరగబడే సీమ మనది. నాకు మొవ్వ మీదే కాస్త పక్షపాతం, ప్రిన్సిపాల్ గారు మన్నించాలి.

రైతుకు ఆ రెండూ దూరమే. 1832-33 డొక్కల కరువులో గుంటూరు, బందరు ప్రాంతాల్లో జనం తిండిలేక రాలిపోయారు. అప్పుడు సుఖమంటే గంజి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక సుఖమంటే తూము దగ్గర వంతు. నీళ్లు సరే, నేల ఎవరిది? చల్లపల్లి ఎస్టేటులో ఆ మాట అడిగిన కమ్యూనిస్టులు జైళ్లకు వెళ్లారు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. భూమి తన పేరున రాసిన కాగితాన్ని రైతు ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతలో దాచుకున్నాడు. దాన్నీ పట్టా అనే అన్నారు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసింది. పట్టాలున్నవాళ్లూ లేనివాళ్లూ కలిసే కొట్టుకుపోయారు. ఆ తర్వాత కార్డు ముక్కలో ‘ఇక్కడ అందరం క్షేమం’ అన్న మొదటి వాక్యం ఎవరికీ మామూలు వాక్యం కాలేదు. అందులో ‘నేను’ లేదు, గమనించారా? ఇవాళ మీ చేతిలో పట్టా చూసి బంధువులు అడిగేది ‘ప్యాకేజీ ఎంత?’ అని. తప్పు పట్టను. పిల్లల ఫీజుకు ఎకరం అమ్మిన ఇళ్లు ఈ హాలులోనే ఉంటాయి. అంటే ఒక పట్టా ఇచ్చి ఇంకో పట్టా తెచ్చుకున్నారన్నమాట.

‘అందరం’ అన్న మాట మాత్రం ఇంకా పోలేదు. ఈ ఊళ్లోనే 2014 నవంబరు నుంచి డాక్టర్లు, రైతులు, గృహిణులు చీకటితో లేచి చీపుర్లు పట్టి వీధులు ఊడుస్తున్నారు. ఒకనాడు నేనూ వెళ్లాను. నడుం పట్టేసింది. పక్కన మురుగుకాలువ తోడుతున్న పెద్దావిణ్ణి, ‘ఈ వయసులో మీకెందుకమ్మా?’ అని అడిగాను.

‘హాయిగా ఉంటదండి’ అని, నా చేతిలో చీపురు తిప్పి పట్టించింది.

రేపు హాస్టలు ఖాళీ చేసేలోగా మీకింకా ఒక తెల్లవారుజాము మిగిలింది. చీపురు ఎలా పట్టాలో ఆవిడే చెబుతుంది.