కొండకు జట్టుగా రండి

వేదిక మీదున్న పెద్దలకు, ఇంతసేపు థింసా ఆడిన మా అక్కచెల్లెళ్లకు, మైదానం నుంచి వచ్చిన సైకిల్ మిత్రులకు మా సంఘం తరఫున స్వాగతం.

విశాఖ, విజయనగరం వైపు రోజూ నలభై, యాభై కిలోమీటర్లు తొక్కేవారు కూడా అరకు అనేసరికి "అమ్మో, ఘాటీ మా వల్ల కాదు" అంటుంటే వింటున్నాం. ఆ భయాన్ని మేం తప్పుపట్టం. శృంగవరపుకోట దాటాక ఎక్కుడే ఎక్కుడు. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. గాలికొండ దగ్గర అంతకంటే పైకి ఎక్కి, మళ్లీ దిగాలి.

మైదానంలో మీకు ఎదురుగాలితో పోరు. ముందువారి చక్రం వెనక నడిస్తే శ్రమ తగ్గుతుంది. కొండ ఎక్కేటప్పుడు వేగం తక్కువ, కాబట్టి ఆ లాభం పెద్దగా ఉండదు. ఎవరి బరువు వారే పైకి లాగాలి. అందుకే పక్కవారి వేగాన్ని అందుకోవాలని చూస్తే తొలి రెండు మలుపుల్లోనే ఆయాసం వస్తుంది. చిన్న గేరు వేసి, మాట్లాడుతూ తొక్కగలిగినంత నెమ్మదిగా ఎక్కండి.

మరి ఎవరి వేగం వారిదైతే జట్టెందుకు? గత చలికాలంలో మా ఊరి మలుపు దగ్గర ఒక కుర్రాడు గొలుసు తెగి కూర్చున్నాడు. అతని జట్టు ఎప్పుడో ముందుకు వెళ్లిపోయింది. ఫోనుకు సిగ్నల్ లేదు. పొద్దు వాలుతోంది. మా వాళ్లు చోడి అంబలి ఇచ్చి, జీపు ఎక్కించి పంపారు. కొండ అతన్ని ఓడించలేదు, జట్టు వదిలేసింది. ఆ మాటే మమ్మల్ని ఇవాళ ఇక్కడ నిలబెట్టింది.

థింసా చూశారు కదా. ఒకరి వీపు వెనక ఒకరు చేయి వేసి వరుస కడతాం. ఒకరి అడుగు తడబడితే వరుసంతా సర్దుకుంటుంది, తెగదు. మీ జట్టూ అలాగే ఉండాలి. దారి తెలిసినవారు ముందు, ఓపిక ఉన్నవారు చిట్టచివర. డముకు, అనంతగిరి, గాలికొండ, ఇలా కొన్ని చోట్ల ఆగి, చివరివారు వచ్చి నీళ్లు తాగాకే కదలండి. వారు రాగానే బయలుదేరితే వారికి విశ్రాంతి ఉండదు.

దిగేటప్పుడు మరింత జాగ్రత్త. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించుకోండి. రెండు బ్రేకులూ వాడండి, కానీ అదేపనిగా నొక్కి ఉంచితే వేడెక్కుతాయి. మధ్యలో ఎడం ఉంచి, ఎడమవైపే రండి. ఎదురుగా బస్సు, లారీ వస్తాయని అనుకోండి. పొగమంచులో వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

మాదీ ఒక మనవి. మా ఊళ్లు దాటేటప్పుడు నెమ్మదించండి, పిల్లలు, పశువులు రోడ్డు మీదే ఉంటారు. అడిగాకే ఫోటో తీయండి. ఖాళీ సీసాలు మీతోనే తీసుకెళ్లండి. సంతలో పసుపో, రాజ్మానో మా వాళ్ల దగ్గర కొనండి. మా అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఒక కప్పు తాగి వెళ్లండి.

నవంబరులో వలిసె పూలు లోయంతా పసుపు పరుస్తాయి. అప్పుడు రండి. మొదటిసారి సగం ఘాటీ ఎక్కి వెనుదిరిగినా మాకు అది గెలుపే. అందరూ కలిసి వచ్చి, అందరూ కలిసి ఇల్లు చేరాలి. అంతే మా కోరిక.