వీసా పునాది మీద కట్టిన మేడ నిలిచేనా?

(విద్యానగర్‌లో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



తార్నాక నుంచి విద్యానగర్ దాకా ఏ హాస్టల్ గది తలుపు తట్టినా అమెరికా మాట వినిపిస్తుంది. పొద్దున అమీర్‌పేటలో కోచింగ్, వీలు దొరికితే చిలుకూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు. నేను ఎగతాళి చేయడం లేదు. ఆ ప్రదక్షిణల వెనుక కుదువబెట్టిన పొలం ఉన్నది, బ్యాంకు అప్పు ఉన్నది. అందుకే అడుగుతున్నాను. పరాయి సర్కారు ఇచ్చే వీసా మీద నడిచే వ్యాపారం ఎన్నాళ్లు నిలుస్తుంది? కూలితే ఎవరి మీద కూలుతుంది?

ముందు ఈ వ్యాపారం ఎట్లా నడుస్తదో చూద్దాం. అమెరికాలో ఒక బ్యాంకుకో, బీమా కంపెనీకో సాఫ్ట్‌వేర్ పని ఉంటుంది. ఔట్‌సోర్సింగ్ కంపెనీ కొందరిని వీసా మీద అక్కడికి పంపుతుంది. వాళ్లు క్లయింటు పక్కన కూర్చొని పని అర్థం చేసుకొని, ఎక్కువ భాగాన్ని మాదాపూర్‌కు పంపుతారు. అక్కడి బిల్లుకూ ఇక్కడి జీతానికీ ఉన్న తేడాయే లాభం. అక్కడి ఆ కొద్దిమంది లేకపోతే ఇక్కడి పని కదలదు. బండికి ఇరుసు ఎట్లనో ఈ వ్యాపారానికి వీసా అట్ల.

చిన్న కన్సల్టెన్సీల సంగతి ఇంకా అధ్వాన్నం. చాలావాటికి సొంత ప్రాజెక్టే ఉండదు. మనిషిని గంటల లెక్కన కిరాయికి ఇస్తాయి. క్లయింటు ఇచ్చే డాలర్లలో నడుమ ఉన్న ప్రతివాడూ తన వాటా కోసుకుంటాడు. ప్రాజెక్టు దొరకకపోతే మన పిల్లోడు ‘బెంచ్’ మీద.

మరి ఆ ఇరుసు ఎవరి చేతిలో ఉన్నది? 1990 నాటి అమెరికా చట్టంతో హెచ్‌1బి వచ్చింది. ఏడాదికి 65 వేలు అన్నారు. సాఫ్ట్‌వేర్ మనుషులు అవసరం పడ్డారు, 2001 నుంచి 2003 వరకు 1,95,000 చేశారు. అవసరం తీరింది, 2004కు మళ్లీ 65 వేలకు దించారు. ఆ తర్వాత అక్కడే పీజీ చేసినవాళ్లకు 20 వేలు కలిపారు. ఉద్యోగుల్లో సగానికి మించి వీసా మీద వచ్చినవాళ్లే ఉన్న కంపెనీలకు 2010లో 2,000 డాలర్ల అదనపు ఫీజు పెట్టి, 2015 చివర్లో దాన్ని 4,000 చేశారు. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ ఒక్క సంతకంతో, బయటి దేశాల్లో ఉన్నవాళ్ల కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు అన్నాడు. అప్పటి లెక్కన దాదాపు 88 లక్షల రూపాయలు! వాళ్ల దేశం, వాళ్ల చట్టం. కానీ ఒకరి కలం కదిలితే ఆగిపోయే బతుకును మనం అభివృద్ధి అని ఎట్లా అందాం?

పెద్ద కంపెనీలు మునుగుతాయా? మునగవు. 2017లోనే ఇన్ఫోసిస్ పదివేల మంది అమెరికన్లను చేర్చుకుంటామని ప్రకటించింది. అమెరికా కంపెనీలు హైదరాబాద్‌లో సొంత కేంద్రాలు తెరిచాయి. పెట్టుబడికి నూరు దారులు. దారి మూసుకుపోయేది పిల్లలకే. 2017 నుంచి అమలైన నిబంధన ప్రకారం, ఉద్యోగం పోయినవాడికి గడువు 60 రోజులు. ఆలోపు ఇంకో యజమాని దొరకాలి, లేదంటే ఇంకో వీసాకు మారాలి, అదీ కాకపోతే మూటాముల్లె సర్దుకోవాలి.

చదువు పేరుతో పోయి అక్కడ కొలువు వెతుక్కుందామనుకున్నవాళ్లూ దెబ్బతిన్నారు. 2011లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. 2019లో ఫార్మింగ్టన్ పేరుతో అక్కడి అధికారులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీలో చిక్కినవాళ్లలోనూ ఎక్కువమంది తెలుగువాళ్లే.

నిజామాబాద్, కరీంనగర్ నుంచి దుబాయి పోయినోళ్ల గోస మనకు కొత్త కాదు. డల్లాస్ జీతం పెద్దదే, యజమానిని మార్చుకునే వీలూ ఉన్నది. కానీ రెండుచోట్లా బతుకు ఒక కాగితం మీదే వేలాడుతున్నది.

పోవద్దని నేను చెప్పను. పోయేవాళ్లు పోండి. ఒక్క వీసా మీద ఇంటిల్లిపాది బతుకును పందెం కాయకండి. దొంగ అనుభవ పత్రాలు అంటగట్టే కన్సల్టెన్సీల గడప తొక్కకండి. మూడు నెలల కోర్సుకన్నా సబ్జెక్టు గట్టిగా పట్టుకోండి. ఉద్యోగులారా, తీసివేతల నాడు ఒంటరిగా నిలబడకుండా ఇప్పుడే సంఘం పెట్టుకోండి.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. 2014లో రాష్ట్రం వచ్చింది. నియామకాలంటే సర్కారు కొలువులే కాదు. మన ఆస్పత్రులకు, సాగుకు, బడులకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఇక్కడే తయారు కావాలి, ఆ పని జిల్లాల పిల్లలకు దొరకాలి. అమెరికా తలుపు మూసిన రోజు మన పిల్లోడికి ఇక్కడ పని ఉన్నదా అని ఏ పార్టీ వచ్చినా నిలదీసి అడుగుదాం.