ఇంజెక్షను తీసి కార్బ్యురేటరు బిగించవచ్చునా?

డోర్నకల్ అనగానే రైలు జంక్షనును, ఇల్లెందు బొగ్గును జ్ఞప్తికి వచ్చును. అయితే ఆ ప్రాంతపు రైతునకు నేడు రైలుకంటె దగ్గరి చుట్టము చిన్న ట్రాలీ బండి. మిరప కోతల కాలములో బస్తాలు కల్లమునుండి ఖమ్మము మార్కెట్టుకో, వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టుకో చేరవలెనన్న ఆ బండియే దిక్కు. తెల్లవారుజామున సెల్ఫు కొట్టినప్పుడు ఇంజను పలుకకున్న ఆనాటి ధర చేజారును. కూలీలు ఊరకే కూర్చుందురు. ఆకసమున మబ్బు పట్టినచో కల్లములోని సరకు గతి చెప్పనక్కరలేదు.

అట్టి బండి పెట్రోలుదై, కొంత పాతబడినదై, రెండు మూడు మార్లు దారిలో నిలిచిపోయినచో షెడ్డులో ఎవరో ఒకరు సలహా చెప్పక మానరు. “ఈ కంప్యూటరు గొడవ మనకెందుకు? ఇంజెక్షను పీకివేసి పాత కార్బ్యురేటరు బిగించుము, పీడ వదలును” అందురు. ఈ సలహాలో నిజమెంతయో చూతము.

ముందుగా ఒక సందేహము తీర్చవలసి యున్నది. మన పల్లె దారులలో తిరుగు పికప్పులలో పెక్కు డీసెలు బండ్లు. ఇంజెక్టరు అను మాట డీసెలునకును, పెట్రోలునకును కూడ వాడుకలో నున్నందున కొందరు రెండింటిని ఒకటిగా తలచుచున్నారు. డీసెలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని మాత్రమే గట్టిగా అదిమి, ఆ వేడిలోనికి చమురును చిమ్మగా అది తనంతట మండును. ఇంజెక్టరు తీసివేసినచో అక్కడ ఇంజనే లేదు. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ ఆ జాతిదే. కావున మన ప్రశ్న పెట్రోలు బండ్లకు మాత్రమే చెందును.

కార్బ్యురేటరు పని చూడ ముచ్చటైనది. గొట్టము సన్నబడిన చోట గాలి వేగము హెచ్చి పీడనము తగ్గును. ఆ తగ్గుదలయే సన్నని రంధ్రముగల జెట్టునుండి పెట్రోలును పైకి లాగును. చెత్త అడ్డుపడినచో విప్పి, ఊది, తిరిగి బిగించుటకు స్క్రూడ్రైవరు, పానా చాలును. పాత జీపుల కాలపు మేస్త్రీలు ఇంజను చప్పుడు వినియే స్క్రూ ఎంత తిప్పవలెనో చెప్పెడివారు. ఆ విద్యపై మనకు గల గౌరవము చిన్నది కాదు.

అయితే ఒక పాలు పెట్రోలు సరిగా మండుటకు తూకములో సుమారు 14.7 పాళ్ళ గాలి కావలెను. కార్బ్యురేటరు ఈ లెక్కను సుమారుగా కుదుర్చును. ఇంజెక్షను పద్ధతిలో లోపలికి పోవు గాలిని, ఇంజను వేడిమిని, పొగగొట్టములో మిగిలిన ఆక్సిజనును సెన్సారులు కొలిచి చెప్పగా, కంప్యూటరు పెట్రోలును పాలు పంచును. పెక్కు బండ్లలో ప్లగ్గు ఎప్పుడు మెరయవలెనో నిర్ణయించునదియు అదియే.

ఈ మార్పిడి ముచ్చట ఎక్కువగా వినవచ్చునది అమెరికాలో. 1980ల చివరి భాగములో ఫోర్డు, షెవ్రొలే పికప్పులు కార్బ్యురేటరును విడిచి ఇంజెక్షనును చేపట్టినవి. అదే ఇంజనుకు అంతకు ముందటి సంవత్సరముల మానిఫోల్డు సరిపడుటచేత, హోలీ వంటి కంపెనీల కార్బ్యురేటర్లు నేటికిని దొరకుటచేత అచ్చటివారికి ఈ పని సాధ్యమగుచున్నది. వారికిని అది ఒక్క వస్తువుతో తీరు పని కాదు. ఇంజెక్షను పంపు కొన్ని బండ్లలో చదరపు అంగుళమునకు సుమారు 40 పౌండ్ల ఒత్తిడితో పెట్రోలును తోయగా, కార్బ్యురేటరు తట్టుకొనునది 4 మొదలు 7 పౌండ్ల వరకే. పాత పంపునే ఉంచినచో లోపలి సూది మూసికొనలేక పెట్రోలు పొంగి, కాగిన ఇంజనుపై పడును. ఆపై జరుగునది అగ్నిప్రమాదము. కావున పంపు మార్చవలెను. స్పార్కు వేళను తానే సవరించుకొను డిస్ట్రిబ్యూటరు కావలెను. కంప్యూటరు నడిపించు ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్నచో, దానికి మరియొక ఏర్పాటు.

మన దేశములో దీనికి దగ్గరి ఉదాహరణము మారుతి జిప్సీ. దాని 1.3 లీటర్ల ఇంజను మొదట కార్బ్యురేటరుతోను, 2000 ప్రాంతమున ఇంజెక్షనుతోను వచ్చినది. పేరు ఒకటే గదా, పాత బండి సామాను తెచ్చి బిగింతమనుకొందురు. కాని పాత దాని హెడ్డులో వాల్వులు 8, కొత్త దానిలో 16. పాత మానిఫోల్డు కొత్త హెడ్డుపై కూర్చొనదు. కొని తెచ్చిన పిదప తెలిసికొనుటకంటె ముందుగా తెలియుట మేలు.

పెట్రోలు కూడ మునుపటిది కాదు. 2025 నాటికి 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు దేశమంతట వాడుకలోనికి వచ్చినది. ఇథనాలులోనే ఆక్సిజను ఉన్నందున, పాత జెట్టుతో మిశ్రమము పలుచనై ఇంజను తడబడును. ఆక్సిజను సెన్సారు గల ఇంజెక్షను దీనిని చాల వరకు తానే సర్దుకొనును. కార్బ్యురేటరుకు జెట్టు మార్చవలెను, రబ్బరు భాగములు ఇథనాలునకు ఓర్చునవో లేవో చూడవలెను. ఇక చట్టము మాట. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు చెప్పినదానికి భిన్నమగునట్లు బండిని మార్చుట కూడదనుచున్నది. పొగ పరీక్షలోను కార్బ్యురేటరు పెట్టిన కొత్త బండి నెగ్గుట కష్టము.

ఇంతకును ఇంజెక్షను బండి నిలిచిపోవుటకు కారణమేమి? నేను గమనించినంతలో కంప్యూటరు పాపము అరుదు. ఎలుక కొరికిన తీగ, వానకు పచ్చగా చిలుము పట్టిన కనెక్షను, వదులైన ఎర్తు, పూడుకొనిపోయిన పెట్రోలు ఫిల్టరు, చెడిన రిలే: ఇవి తరచుగా కనిపించును. ఇంజను వేడిని కొలుచు చిన్న సెన్సారు చెడినచో కంప్యూటరు ఇంజను చల్లగా ఉన్నదని నమ్మి పెట్రోలును ధారపోయును. నల్లపొగ వచ్చును, మైలేజీ పడిపోవును. చూచువారు ఇంజెక్షను అంతయు పాడైనదందురు. తాళము తిప్పగానే టాంకులోని పంపు ఒకటి రెండు క్షణములు మ్రోగవలెను. మ్రోగకున్న ఫ్యూజును, రిలేను చూడవలెను. మ్రోగియు ఇంజను పలుకకున్న గేజితో ఒత్తిడి కొలువవలెను. ఒక మల్టీమీటరు, ఒక ప్రెషరు గేజి షెడ్డులో ఉన్నచో వెదకుట సగము తగ్గును. కార్బ్యురేటరు నేర్చిన చేతికి ఇవి నేర్చుట కష్టమని నేను నమ్మను.

కార్బ్యురేటరు తగిన సందర్భము లేకపోలేదు. పాత బండి కంప్యూటరు కాలిపోయి, మరియొకటి ఎచ్చటను దొరకక, ఇంజనును ఊడదీసి బావిగట్టున పంపునకు కట్టుకొనదలచినప్పుడు, మానిఫోల్డు కుదిరిన పక్షమున ఆ పని చేయవచ్చును. అప్పుడును వైరింగును తెగకోయరాదు. ప్రతి కనెక్షనుకు పేరు వ్రాసిన చీటీ కట్టి, సెన్సారులతో సహా మూటగట్టి అటకపై ఉంచవలెను. మిగిలిన బండిని కొనవచ్చినవాడు మొదట అడుగునది ఆ మూటనే.