పండుగ పేరున జనాన్ని రప్పించుట
(దేవసూగూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము రైల్వేలో టిక్కెట్లు ఇచ్చే గుమాస్తా పనివారము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. పండుగనాడు జనాన్ని రప్పించుట ఎట్లో మాట్లాడమని కార్యదర్శిగారు చెప్పగా నవ్వు వచ్చినది. నిరుడు ఉగాదికి మనము వంద కుర్చీలు వేయించి, పులిహోర వండించి కూర్చున్నాము. సగము కుర్చీలు ఖాళీగానే ఉన్నవి. విచారించగా, కొన్ని కుటుంబాలు పిల్లలను తీసుకొని హైదరాబాదులో పార్కు చూడబోయినవని తెలిసినది. వారిలో మా ఇంటివారు కూడ ఉన్నారు. దాచి లాభమేమి?

మొదట కోపము వచ్చిన మాట నిజము. తరువాత, వాళ్ళు చేసినదేమి, మనము చేయనిదేమి అని ఆలోచించినాము.

రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో వెలసినది. రావిర్యాలలో వండర్లా 2016లో తెరచినారు. ఇటువంటి చోట్ల ఎవరు వచ్చినా రాకున్నా యంత్రాలకు చమురు పోయవలెను, కాపలావానికి జీతమివ్వవలెను. ఖాళీ పెట్టెలతోనైనా బండి వేళకు కదలవలసినట్లే. వేసవి సెలవులలో జనము విరగబడి వస్తారు. వానలు పడి, బడులు తెరచిన తరువాత పలుచబడతారు. అందుకే దసరా, దీపావళి, సంక్రాంతి పేర్లతో దీపాలు, ఆటపాటలు, ప్రత్యేక భోజనాలు పెట్టి పిలుస్తారు.

ఈ విద్యలో అమెరికావారు పాతకాపులు. కాలిఫోర్నియాలో నాట్ అనే దంపతులు పండ్ల తోట సాగుచేస్తూ, 1934లో కోడికూర భోజనాలు పెట్టినారు. జనము బారులు తీరినారు. వేచి ఉన్నవారికి కాలక్షేపముగా 1940లో ఒక పాతకాలపు ఊరిని కట్టించినారు. అదే పెరిగి పార్కు అయినది. అక్టోబరులో వారికి హాలోవీన్ అను దయ్యాల పండుగ ఉన్నది. 1973లో ఆ పార్కువారు మూడు రాత్రులు దయ్యాల వేషాలు కట్టించి జనాన్ని భయపెట్టినారు. డబ్బిచ్చి భయపడుటేమిటని మన ముసలమ్మలు అడుగుదురు గాక! అది నేడు వారాల తరబడి సాగుతున్నది. పెద్ద పార్కులెన్నో ఆ బాటే పట్టినవి. గమనించవలసినదేమనగా, వారు నిండిన వేసవికి పండుగను చేర్చలేదు. పలుచబడిన నెలలో పెట్టినారు. పైగా ఆ వినోదము ఏడాది పొడవునా దొరకదు.

ఇది మనకు కొత్తయా? మన సూగూరేశ్వరుని జాతరకు కరపత్రము ఎవరు పంచినారు? 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాలకు జనము ఎందుకు తరలివచ్చినది? ఆ పన్నెండు రోజులు దాటితే మళ్ళీ పన్నెండేండ్లు ఆగవలెను గనుక. మన ఉగాది సభలో అట్టిది ఏమున్నది? ఉపన్యాసము ఎప్పుడైనా వినవచ్చును, మాది కూడ.

ఇక మా కిటికీ దగ్గర చూచినది చెప్పుదుము. 2024 నవంబరు నుంచి రిజర్వేషను అరువది రోజుల ముందు తెరుస్తున్నారు. పండుగకు ఊరు పోదలచినవారు అప్పుడే వచ్చి నిలబడతారు. మన ఆహ్వానమో, పండుగ వారమున్నదనగా ఇల్లు చేరును. టిక్కెట్టు కొన్నవానిని పచ్చడికి పిలిచినట్లున్నది!

అదిగాక శక్తినగరులో విద్యుత్కేంద్రమువారు షిఫ్టులలో పనిచేస్తారు. సాయంకాలము ఒక్క సభ పెట్టితే, ఆ వేళ డ్యూటీలో ఉన్నవాడు ఎట్లా రాగలడు? సింధనూరు, మాన్వి క్యాంపులలోని మన రైతులకు వరి చేతికి వచ్చే రోజులలో తీరిక ఎక్కడ?

కావున మా మనవి ఇది. ఉగాదినాడు ఉదయము పచ్చడి, పంచాంగ శ్రవణము మాత్రము జరుపుదము. పెద్ద ఉత్సవాన్ని ఊళ్ళకు పోయినవారు తిరిగి వచ్చిన తరువాతి ఆదివారానికి మార్చుదము. ఉదయము ఒకసారి, సాయంత్రము ఒకసారి ఆడించుదము. పిల్లలను కుర్చీలలో కూర్చోబెట్టక వేషాలు కట్టించుదము. బిడ్డ వేషము కట్టితే తల్లిదండ్రులు, అమ్మమ్మ, తాతయ్య రాకుండునా? ఆ వేషాలు ఏడాదికి ఆ ఒక్కరోజే. తేదీని మూడు నెలల ముందే ఇంటింటికీ తెలుపవలెను. ఖర్చు పులిహోరకంటె ఎక్కువ కాదు.

కార్యవర్గమువారు ఒప్పుకొన్నచో ఆహ్వానాలు పంచే పని మాకు అప్పగించవచ్చును. మా ఇంటినుంచే మొదలుపెట్టుదుము.