కుండలీకరణములోని ఖాళీలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



కోడ్ ఎడిటరనగా కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయువారి పలక. తెలుగు పల్లెలలో పుట్టిన యువతీయువకులెందఱో నేడు హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను ఆ పలకపై వ్రాసి జీవించుచున్నారు. పదము సగము వ్రాయగనే మిగిలిన సగమును ఎడిటరు చూపును. ఇట్లు పేరును పూరించుట సులభము. పేరు ప్రక్కనున్న కుండలీకరణములోని ఖాళీలను పూరించుటయే కష్టము. నేటి ప్రసంగవిషయమదియే.

కంప్యూటరు చేయవలసిన యొక పనికి పెట్టిన పేరు ఫంక్షను. ఆ పనికి వలయు సామగ్రిని కుండలీకరణములో వరుసగా నీయవలెను. దానిని ఆర్గ్యుమెంట్లందురు. గ్రంథాలయపు లెక్కలకై 'పుస్తకమిచ్చు' అను ఫంక్షను కలదనుకొనుడు. దానికి సభ్యసంఖ్య, పుస్తకసంఖ్య, గడువు దినములు అను మూడును కావలెను. పుస్తకమిచ్చు(37, 214, 15) అని వ్రాసినచో 37వ సభ్యునకు 214వ పుస్తకము 15 దినముల గడువుపై ముట్టును. మొదటి రెండును తారుమారైనచో కంప్యూటరు కిమ్మనదు. రెండును సంఖ్యలే కదా! 214వ సభ్యుని పేర 37వ పుస్తకము నమోదగును. పుస్తకమును ముట్టనివాని యింటికి తాకీదు పోవును. అడంగలులో ఒక గడిలో వ్రాయవలసిన అంకె వేఱొక గడిలో పడినచో ఎట్టి తగవు పుట్టునో రైతులకు చెప్పనక్కరలేదు.

ఇది కేవలము కల్పితమైన చిక్కు కాదు. సి భాషలో మెమరీని నింపుటకు 'మెమ్‌సెట్' అను ఫంక్షను కలదు. ఎచ్చట నింపవలెను, ఏ విలువతో నింపవలెను, ఎంతమేర నింపవలెను అని అది మూడు కోరును. సున్నతో నింపదలచినవాడు చివరి రెండింటిని తారుమారు చేసినచో 'సున్న మేర నింపుము' అని యర్థమై పని యేమియు జరుగదు. అనుభవజ్ఞులును ఈ తప్పు చేయుదురు.

తెలుగు వాక్యమున కీ బాధ తక్కువ. 'రామయ్యకు సీతమ్మ పుస్తకమిచ్చెను' అన్నను, 'సీతమ్మ పుస్తకము రామయ్యకిచ్చెను' అన్నను ఇచ్చినదెవరో, పుచ్చుకొన్నదెవరో విభక్తి చెప్పును. పైథాన్ మొదలగు భాషలలో ఆర్గ్యుమెంటునకు ముందు దాని పేరు వ్రాయు వీలు కలదు. సభ్యుడు=37, పుస్తకము=214 అని వ్రాసినచో వరుస మాఱినను అర్థము మాఱదు. ఆ పేరే అచ్చట విభక్తి.

వాక్యార్థము తెలియుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును హేతువులని అన్నంభట్టు తర్కసంగ్రహమున నిరూపించెను. ఎడిటరు చేయదగిన సాయమును కొలుచుటకును ఈ మూడే చాలును.

మొదటిది ఆకాంక్ష. 'ఇచ్చెను' అనగానే ఎవరు, దేనిని, ఎవరికి అని మనస్సు వెదకును. అట్లే కుండలీకరణము తెఱవగానే ఏమేమి కావలెనో ఎడిటరు చూపవలెను; ప్రస్తుతము పూరించుచున్న దానిని ప్రస్ఫుటముగా చూపవలెను. 2016లో మైక్రోసాఫ్టు ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాలులో ఇందులకు ప్రత్యేకమైన ఏర్పాటు కలదు. అయితే ఎన్నవ ఖాళీలో ఉన్నామో తెలియుటకు కామాలు లెక్కించిన చాలదు. పుస్తకమిచ్చు(సభ్యునివెదకు("రామయ్య, తూర్పువీధి"), 214, 15) అన్నచో కొటేషన్ గుర్తుల నడుమ నున్న కామా లెక్కలోనిది కాదు. లోపలి కుండలీకరణము మూసిన పిదప ఎడిటరు వెలుపలి ఫంక్షనును మఱల చూపవలెను. పేరుతో ఇదివఱకే ఇచ్చిన దానిని మఱల అడుగరాదు.

ఆకాంక్షకు మితియు కలదు. ప్రోగ్రాము వ్రాయువారును తమ ఫంక్షనుల సంపుటిని లైబ్రరీ యనియే అందురు. పాండాస్ అను లైబ్రరీలో పట్టికలు చదువు 'రీడ్ సిఎస్‌వి' అను ఫంక్షను నలువదికి పైగా వివరములు పుచ్చుకొనగలదు. తప్పనిసరిగా కావలసినది ఫైలు ఒక్కటియే. అన్నింటిని తెచ్చి కుండలీకరణములో కుమ్మరించు ఎడిటరు వ్రాయువానికి చెఱుపుపని కల్పించును. తప్పనిసరియైన వానిని ముందుంచి, తక్కినవానిని అడిగినప్పుడు చూపుట మేలు.

రెండవది యోగ్యత. 'బావిలోని నిప్పు తోడెను' అన్నచో పదములు కలవు గాని పొందిక లేదు. తేదీ కావలసినచోట తేదీలనే ముందుగా చూపవలెను. ఇందులకు ఏది యేజాతిదో వ్రాయువాడు చెప్పియుండవలెను. పైథానులో జాతి తెలుపు సూచనలకు 2015లో 3.5వ కూర్పుతో ప్రామాణికమైన పద్ధతి ఏర్పడినది. సభ్యసంఖ్య యొక జాతి, పుస్తకసంఖ్య వేఱొక జాతి యని నిర్ణయించి వ్రాసినచో, పైని చెప్పిన తారుమారును పరీక్షించు సాధనము వెంటనే పట్టుకొనును.

మూడవది సన్నిధి. ఉదయమున 'పుస్తకమును' అనియు, సాయంకాలమున 'ఇమ్ము' అనియు పలికినచో వాక్యము కాదు. వివరణకై వేఱొక పుటకు పోయి వచ్చులోపల ఆలోచన తెగును. కావున వివరణ వ్రాయుచున్న పంక్తి చెంతనే కనబడవలెను. పై పంక్తిలో అప్పుడే ఏర్పఱచిన విలువ తగినదైనచో దూరపు వానికంటె ముందు దానిని చూపవలెను.

ఇక ఒక హెచ్చరిక. కొన్ని ఎడిటర్లు ఖాళీలలో పారామీటర్ల పేర్లనే తాత్కాలికముగా నుంచును. వ్రాయువాడు మఱచినచో ఆ పేరు నిజమైన విలువ వలె నిలిచిపోవును. 2021లో గిట్‌హబ్ కోపైలట్ తొలిరూపము వెలువడినది మొదలు కృత్రిమమేధ విలువలను సైతము ఊహించి అందించుచున్నది. ఊహ పెక్కుమాఱులు సరిపోవును. సరిపోవుటయే అందలి ప్రమాదము. నూఱుమాఱులు సరియైనదానిని నూటయొకటవమాఱు ఎవ్వరును పరిశీలింపరు. కావున ఊహను ఊహవలెనే మసక యక్షరములలో చూపి, వ్రాయువాడు అంగీకరించిన పిదపనే స్థిరపఱచవలెను. తెలియనిచోట ఖాళీని ఖాళీగానే విడువవలెను. ఖాళీ కంటికి కనబడును. తప్పు విలువ కనబడదు. అది లెక్కలలో కలిసిపోయి ఏనాటికో బయటపడును.

ఇట్టి సాధనములు నిర్మించువారు ఎన్ని యక్షరములు వ్రాయు శ్రమ తగ్గినదని మాత్రమే చూడక, ఎన్ని తప్పులు తప్పినవని చూడవలెను. గ్రంథాలయములోని వ్యాకరణ తర్క గ్రంథములు ఉద్యోగమునకు పనికిరావని తలంచు విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక. కారకము, విభక్తి, ఆకాంక్ష అనునవి తెలిసినవానికి ఫంక్షను ఏమి కోరుచున్నదో బోధపడుటకు ఆలస్యము కాదు.

స్వస్తి.