లాటినో అధ్యయనము: విశ్వవిద్యాలయముల సహకారము



 అమెరికా సంయుక్త రాష్ట్రములలోని లాటినో అధ్యయనము నేటి ఈ సదస్సున మన చర్చావిషయము. 2020 నాటి జనగణన ననుసరించి ఆ దేశమున 6 కోట్ల 20 లక్షలకు పైబడియున్న లాటినోల, అనగా లాటిన్ అమెరికా సంతతి ప్రజల, చరిత్రను ఏ విశ్వవిద్యాలయమును తానొక్కటియే తన ప్రాంగణమున ఇముడ్చుకొనజాలదనియు, ఒక ప్రాంతమందలి విద్యాపీఠములన్నియు పూనికతో చేయి కలిపిననే ఆ విద్య పరిపుష్టి నొందుననియు నా దృఢవిశ్వాసము.

ఈ అధ్యయనశాఖ ప్రభువుల యనుగ్రహమువలన లభించినది కాదు. 1969లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాయందు విద్యార్థులును అధ్యాపకులును సమావేశమై చికానో, అనగా మెక్సికో సంతతివారి, విద్యకొక ప్రణాళికను రచించిరి. ఆ యేటనే న్యూయార్కు సిటీ కళాశాలలో నల్లజాతి విద్యార్థులును ప్యూర్టోరికో విద్యార్థులును ఏకమై సమ్మె సలిపిరి. 1973లో ఆ నగర విశ్వవిద్యాలయమున ప్యూర్టోరికో అధ్యయన కేంద్రము వెలసినది.

ఈ విద్యకు సహకారమేల యవసరమో ఒకరి జీవితమే చూపును. నవలాకారుడు తొమాస్ రివేరా 1935లో టెక్సస్‌లోని క్రిస్టల్ సిటీయందు జన్మించెను. అతని కుటుంబమువంటి కూలికుటుంబములు వసంతమున బడి మూయకమునుపే పిల్లలతోకూడ ఉత్తరమునకు తరలి, మిన్నెసోటా, మిషిగన్‌ల చక్కెరదుంప చేలలో నడుములు వంచి, ఒత్తుగా మొలచిన మొక్కలను పలుచన చేయుచు, కలుపు తీయుచు, బడి తిరిగి తెరచిన కొన్నాళ్ళకుగాని ఇల్లు చేరెడివి కావు. అట్టి కుటుంబపు బాలుడైన రివేరాయే 1979లో రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు ఛాన్సలరయ్యెను. అట్టి కుటుంబముల చరిత్ర వ్రాయబూనినవాడు బడి హాజరుపట్టీలను దక్షిణమునను, చక్కెర కర్మాగారముల కూలిపద్దులను ఉత్తరమునను వెదుకవలసియుండును. కావున సహకారమును ధనాభావమునకు విరుగుడుగా మాత్రమే ఎంచరాదు. విషయస్వభావమే దానిని కోరుచున్నది.

ఇట్టి కలయికకు దృష్టాంతములు లేకపోలేదు. 1973లో ఇండియానా విశ్వవిద్యాలయపు గేరీ శాఖనుండి వెలువడిన 'రెవిస్తా చికానో-రికేన్యా' పత్రిక, ఉక్కు కర్మాగారములకు పేరొందిన ఆ పట్టణమున, మెక్సికో సంతతివారి రచనలను ప్యూర్టోరికో సంతతివారి రచనలను ఒకే సంపుటమున చేర్చినది. చిన్న శాఖయని చులకన చేయరాదనుటకు ఇదియే నిదర్శనము. 1983లో స్టాన్‌ఫర్డు, లాస్ ఏంజెలెస్, ఆస్టిన్, న్యూయార్కులలోని లాటినో అధ్యయన కేంద్రములు కలసి అంతర్విశ్వవిద్యాలయ పరిశోధన సంఘముగా నేర్పడినవి. మసాచుసెట్స్‌లో ఇరుగుపొరుగున నున్న ఐదు విద్యాలయములు లాటిన్ అమెరికా, కరేబియను, లాటినో అధ్యయనములకు ఉమ్మడి ధ్రువపత్రము నొసగుచున్నవి. ఒకచోట చేరిన విద్యార్థి తక్కినచోట్లను పాఠములు వినవచ్చును.

ఇట్టి ఉమ్మడికి మూడు నియమములు అవశ్యములని తలంతును. ఒకచోట ఉత్తీర్ణమైన పాఠ్యము అన్నిచోట్ల చెల్లవలెను. రెండు విద్యాలయములలో బోధించు యువాధ్యాపకుని ఉద్యోగమును స్థిరపరచు బాధ్యత ఎవరిదో ముందుగనే నిర్ణయింపవలెను. లేనిచో అతడు ఇరువురకు చాకిరి చేసి ఎవరికిని కానివాడగును. సేకరించిన లేఖలు, ఛాయాచిత్రములు, వృద్ధుల వాఙ్మూలములు దూరపు గ్రంథాలయములకు తరలిపోక, ఆ ప్రజలున్న ఊరనే భద్రపడి, వాని ప్రతులు మాత్రము అందరకు అందవలెను.

పెద్ద పీఠములు చిన్నవానిని ఆశ్రితములుగా గాక సమానములుగా ఎంచిననాడు, కూలికుటుంబమున పుట్టిన బాలిక తన యూరి కళాశాలలోనే తనవారి చరిత్రను శాస్త్రీయముగా చదువుకొనగలదు. ఆ హక్కు ఆమెకు దక్కునట్లుగా ఈ నియమములను నిశితముగా చర్చించి తీర్మానములుగా రూపొందింపుడని మిమ్ములను సవినయముగా కోరుచు, సదస్సును ప్రారంభించుచున్నాను.