ఇంజెక్షన్ పీకే ముందు ఒక తీగముక్క

(మోటార్ మెకానిక్ పని నేర్చుకుంటున్న మన యువత సమావేశంలో మాట్లాడింది. రాలేకపోయినవాళ్లు అడిగారని రాసి పెడుతున్నాం.)

 

ఈమధ్య తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. యూట్యూబులో ఒక అమెరికావాడు పాత పికప్ ట్రక్కు బానెట్ ఎత్తి, ఫ్యూయల్ ఇంజెక్షన్ పీకి పారేసి, కార్బురేటర్ బిగించి స్టార్ట్ చేస్తాడు. "అన్నా, మనమూ చేయొచ్చు కదా? సెన్సార్ల గొడవ, కంప్యూటర్ గొడవ వదిలిపోతుంది కదా?" అని అడుగుతారు. ఆ ఆశ నాకు అర్థమవుతుంది. స్పానరు, స్క్రూడ్రైవరుతో బాగైపోయే బండి కావాలని కొండమీద బతికేవాడికి కాకపోతే ఇంకెవరికి ఉంటుంది? కానీ వీడియోలో చూపించనిది చాలా ఉంది.

ఈ పనికి బాగా పేరుపడ్డ బండి షెవర్లే పికప్, 1987 నుంచి 1995 దాకా వచ్చినవి. 5.7 లీటర్ల వి8 పెట్రోలు ఇంజను. అంతకుముందు దానికి కార్బురేటరే ఉండేది. 87లో థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ వచ్చింది. కార్బురేటర్ కూర్చునే చోటే రెండు ఇంజెక్టర్లు కూర్చుని పైనుంచి పెట్రోలు చల్లుతాయి. చూడ్డానికీ కార్బురేటర్‌లాగే ఉంటుంది. అందుకే ఇది తీసి అది పెట్టడమే కదా అనిపిస్తుంది.

పెట్రోలు దగ్గర మొదలుపెడదాం. ఆ బండికి ట్యాంకులోనే కరెంటు పంపు ఉంటుంది. అది 9 నుంచి 13 పీఎస్ఐ ఒత్తిడితో తోస్తుంది. కార్బురేటర్ తట్టుకునేది 5 నుంచి 7 మాత్రమే. అదే పంపు నేరుగా కలిపితే ఫ్లోటు కింద సూది పెట్రోలుని ఆపలేదు. పొంగి కాలుతున్న ఇంజను మీద పడుతుంది. బండి తగలబడిపోవచ్చు. రెగ్యులేటర్ పెట్టాలి, లేదా తక్కువ ఒత్తిడి పంపు వేయాలి. పైగా ఆ పంపుని నడిపించేది కంప్యూటరే. కంప్యూటర్ తీసేసి పంపుకి నేరుగా కరెంటు ఇచ్చారనుకోండి, బండి బోల్తా పడి ఇంజను ఆగిపోయినా తాళం ఆన్‌లో ఉన్నంతసేపు పంపు తోస్తూనే ఉంటుంది. ఇంజను ఆగితే పంపూ ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్చు, రిలే కట్టుకోవాలి.

తర్వాత నిప్పు. ప్లగ్గు ఎప్పుడు వెలగాలో కూడా ఆ కంప్యూటరే చెబుతుంది. దాన్ని తీసేస్తే టైమింగ్ ముందుకు జరగదు, బండి ఎత్తుకోదు. కాబట్టి డిస్ట్రిబ్యూటర్ మార్చాలి. పాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ తెచ్చి వేద్దామంటే నడిమి బోల్టుల కోణం వేరు, కూర్చోదు.

అసలు దెబ్బ గేరుబాక్సు దగ్గర తగులుతుంది. చేత్తో గేరు మార్చే బండైతే ఇబ్బంది లేదు. 700ఆర్4 అనే ఆటోమేటిక్ గేరుబాక్సు ఉంటే దాని కేబుల్ ఒకటి థ్రాటిల్‌కి కట్టి ఉంటుంది. కార్బురేటర్ మీద ఆ కేబుల్ లాగే కోణం సరిగ్గా కుదరకపోతే లోపల ఆయిల్ ఒత్తిడి తగ్గి గేరుబాక్సు కాలిపోతుంది. 1993 నుంచి వచ్చిన 4ఎల్60ఇ అయితే కంప్యూటర్ లేకుండా గేర్లు సరిగ్గా మారనే మారవు. ఒక కంప్యూటర్ వద్దని పీకి, ఇంకో కంప్యూటర్ కొని పెట్టుకోవాలన్నమాట! నవ్వకండి, అక్కడ చాలామంది చేసేది అదే.

ఇంతకీ ఎందుకు పీకుతారు? బండి నల్లపొగ కొడుతుంది, పెట్రోలు తాగేస్తుంది, ఎవరో "కంప్యూటర్ పోయింది" అంటారు. ఆ షెవర్లేలో తప్పు చదవడానికి స్కానరే అక్కర్లేదు. డాష్‌బోర్డు కింద కనెక్టర్ ఉంటుంది. అందులో ఎ, బి అనే రెండు పిన్నుల్ని ఒక తీగముక్కతో కలిపి, ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం తిప్పితే చెక్ ఇంజన్ లైటు మెరుస్తుంది. ఒక మెరుపు, కాస్త ఆగి రెండు మెరుపులు: అది 12, అంటే నేను పనిచేస్తున్నాను అని. మూడుసార్లు చెప్పాక దాచుకున్న తప్పులు ఒక్కొక్కటీ చెబుతుంది. 15 అయితే ఇంజను వేడి చూసే సెన్సార్ వైపు తీగ తెగిందేమో చూడాలి. 33, 34 అయితే గాలి ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సార్ వైపు.

కోడ్ రాకపోయినా సెన్సార్ అబద్ధం చెప్పొచ్చు. ఆ వేడి సెన్సార్ 20 డిగ్రీల దగ్గర సుమారు 3,400 ఓములు, 100 డిగ్రీల దగ్గర 180 చూపించాలి. ఇంజను కాలుతున్నా మీటరు వేలల్లో చూపిస్తుంటే, కంప్యూటర్ ఇంజను చల్లగా ఉందనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది. నల్లపొగ అందుకే. చిన్న సెన్సార్ మారిస్తే పోయేదానికి సిస్టమ్ మొత్తం పీకేస్తారు.

కార్బురేటర్ చెడ్డదని నేననను. వైరింగ్ అంతా ఎలుకలు కొరికేసి, కంప్యూటర్ దొరక్క, చేతి గేర్ల బండి పొలంలోనే తిరిగేదైతే కార్బురేటరే మేలు. రోడ్డు మీద తిప్పాలంటే అక్కడా చట్టం అడ్డమే. కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు బండ్లకి పొగ పరీక్ష ఉంది. ఇంకోటి, ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. ప్రతి 2,000 అడుగులకీ జెట్టు ఒక నంబరు తగ్గించాలని అక్కడి మెకానిక్కుల లెక్క. మ్యాప్ సెన్సార్ ఉన్న బండి ఆ సర్దుబాటు తనే చేసుకుంటుంది. పాడేరు ఘాట్ ఎక్కి దిగే మనకి ఇది చిన్న విషయం కాదు.

మరి మన సంగతి? సంతకి వెళ్లే మన పికప్పులు ఎక్కువగా డీజిలువి. డీజిలు ఇంజనుకి కార్బురేటర్ అనేదే ఉండదు, కాబట్టి ఆ మాట వదిలేయండి. మన ప్రశ్న బైకుల గురించి. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కి మారాయి. ఊళ్లో గర్భిణిని రోడ్డు దాకా తెచ్చేది ఆ బైకే. అది ఆగిపోతే కింద టౌనులో ఒక మెకానిక్ చూడకుండానే "ఈసీఎం పోయింది" అని వేలు అడుగుతాడు. అప్పుడు ఎవరికైనా పీకేద్దామనే అనిపిస్తుంది. కానీ షెవర్లేలో ఉన్న చిక్కే ఇక్కడా ఉంది. నిప్పు కూడా ఆ ఈసీఎం చేతిలోనే ఉంటుంది. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడేది మనవాడే.

నా మాట ఇది: మనకి లేనిది కార్బురేటర్ కాదు, చదవడం. కొన్ని బైకుల్లో ఇప్పటికీ లైటే మెరిసి కోడ్ చెబుతుంది. మిగతావాటికి స్కానర్ కావాలి. ఏజెన్సీలో ప్రతి ఐటీఐకి స్కానర్ ఇవ్వమని, ఇంజెక్షన్ పాఠం బోర్డు మీద కాకుండా బండి మీద చెప్పమని అడుగుదాం. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ పెట్టింది. మీ బండి కంపెనీ మాన్యువల్ అందులో ఉందో లేదో ఈ వారం వెతకండి. లేకపోతే రాసి ఇవ్వండి, అందరివీ కలిపి కంపెనీలకి పంపుదాం.

భోజనాలయ్యాక షెడ్డులో ఒక బైకు పెట్టించాం. సెన్సార్ పిన్ను ఒకటి కావాలనే పీకి ఉంచాం, ఏదో చెప్పను. మల్టీమీటర్లు నాలుగే ఉన్నాయి, అయిదుగురు చొప్పున రండి. చెల్లెళ్లు ముందు.